లేని మొక్కుకు యాభై రెండు శనివారాలు

తాగుబోతును చూస్తే వీధి ముక్కు మూసుకుంటుంది. పేకాటగాడికి పిల్లనివ్వరు. నన్ను చూసి మాత్రం అందరూ శభాష్ అన్నారు. తెల్లవారకముందే లేస్తాడు, దండీలు తీస్తాడు, బస్కీలు తీస్తాడు, సైకిల్ తొక్కుతాడు, బీడీ కూడా ముట్టడు, ఎంత బుద్ధిమంతుడో అనేవాళ్ళు. ఆ బుద్ధిమంతుడే కట్టుకున్నదాని చెవి పగలగొట్టాడు, ఒక ముసలి బండివాడి పళ్ళు రాలగొట్టాడు, కన్నతండ్రి నెత్తురు కళ్ళజూశాడు. ఈ మాట కాగితం మీద పెట్టడానికి నాకు నలభై ఏళ్ళు పట్టింది.

మాది చిత్తూరు. బజారు పక్క సందులో నాకొక టైలరు షాపు ఉండేది. బెల్‌బాటం ప్యాంట్లు జోరుగా నడుస్తున్న రోజులు. పొద్దున కూర్చుంటే దీపాలు పెట్టే వేళకు లేచేవాణ్ణి. ఇరవై ఆరేళ్ళకే బొజ్జ వచ్చింది, నాలుగు మెట్లెక్కితే రొప్పు. ఆసుపత్రిలో డాక్టరు గుండె చూసి, "నీకు మందెందుకయ్యా, సైకిల్ తొక్కుపో" అన్నాడు. పాత సైకిల్ ఒకటి కొన్నాను. ఇరవై నాలుగు ఇంచీలది, ఇనుపది, గాడిద బరువు. మొదటి రోజు కట్టమంచి దాకా పోయి వాంతి చేసుకున్నాను. నెల తిరిగేసరికి పూతలపట్టు నాకు వాకిలి దాటినంత దూరమైంది. ఆ తరువాత పాకాల, ఆ తరువాత చంద్రగిరి. ఒక శనివారం తొక్కుతూ తొక్కుతూ తలెత్తి చూస్తే ఎదురుగా కొండ, తిరుపతి స్టేషను ముందు ఉన్నాను. డెబ్బై కిలోమీటర్లు. అంత సంతోషం నాకు పెళ్ళిలో కూడా కలగలేదు. అక్కడితో ఆగి ఉంటే ఇది రాసే పనే ఉండేది కాదు.

చేతి గడియారాన్ని హ్యాండిల్‌కి కట్టుకున్నాను. నిన్నటికంటే రెండు నిమిషాలు ముందు చేరితే ఆ రోజంతా మనిషిని. ఆలస్యమైతే పశువును. వాన పడి తొక్కడం కుదరకపోతే ఇంట్లో ఐదు వందల దండీలు తీసేవాణ్ణి, అరచేతులు చిట్లి గచ్చు మీద ఎర్రగా అచ్చులు పడేవి. మోకాళ్ళు వాస్తే లైనింగు గుడ్డ చుట్టి తొక్కాను. జ్వరమొస్తే చెమట పడితే తగ్గుతుందని తొక్కాను. షాపులో గుడ్డలు పేరుకుపోయాయి. ఒకాయన కూతురి పెళ్ళికని ఇచ్చిన సూటు పెళ్ళయిన పదిహేను రోజులకు ఇచ్చాను. ఆయన నాలుగు మాటలు అంటే కత్తెర విసిరాను. అది గోడకు తగిలింది కాబట్టి ఆయన బతికాడు, నేను జైలుకు పోలేదు.

నా భార్య నా మేనమామ కూతురు. నన్ను బావా అని పిలుస్తుంది. మెల్లని మనిషి. ఒక తెల్లవారుజామున నాకు నూట మూడు జ్వరముంటే, నేను లేచేలోపల రెండు చక్రాల వాల్‌ట్యూబులూ పీకి బియ్యం డబ్బాలో దాచింది. టైర్లు నేలకు అతుక్కుపోయి కనిపించాయి. యాడ పెట్టినావు అన్నాను. చెప్పలేదు. ఎడమ చెంప మీద అరచెయ్యి వెడల్పుగా పెట్టి కొట్టాను. ఆమె చెవిలోంచి సన్నగా నెత్తురు కారి జాకెట్టు మీద పడింది. నాకు భయం వేయలేదు. ఆమె బియ్యం డబ్బా వైపు వేలు చూపిస్తే పోయి వాల్‌ట్యూబులు తెచ్చుకుని, గాలి కొట్టుకుని, పూతలపట్టు పోయి వచ్చాను. ఇప్పటికీ ఆమెకు కుడివైపు కూర్చుంటేనే నా మాట వినపడుతుంది.

బండివాడి సంగతి ఆ తరువాతి నెలలో జరిగింది. పాకాల దారిలో ఒక చెరుకు బండి అడ్డం తిరిగింది. బండివాడు ముసలివాడు, ఎద్దు మొండికేసింది. అటు గుంత, ఇటు ముళ్ళకంప, నేను దిగక తప్పలేదు. కాలు నేలకు తగలగానే ఒళ్ళు మండిపోయింది. అప్పటికి నిన్నటికంటే ఐదు నిమిషాలు ముందున్నాను. మెడలో తువ్వాలు పట్టుకుని అతన్ని బండి మీదనుంచి కిందికి లాగాను. మోకాలితో మూతి మీద పొడిచాను. పడ్డవాణ్ణి మళ్ళీ తన్నాను. రెండు పళ్ళు మట్టిలో పడ్డాయి. అతను వాటిని వెతుక్కుంటూ, "నేనేం చేస్తినప్పా నిన్ను?" అని అడిగాడు. తిట్టలేదు, ఏడవలేదు, తెలియక అడిగాడు. నేను గడియారం చూసుకుని ఎక్కి వెళ్ళిపోయాను.

మా నాయన కూడా బండివాడే. బెల్లం మండీకి ఎద్దుబండి తోలేవాడు. మండీలో బండివాళ్ళందరూ ఒకరికొకరు తెలుసు. వారం తిరగకముందే, పళ్ళు పోయిన ముసలివాడు నాయన దగ్గరికి వచ్చి, సైకిల్ గుర్తులు చెప్పి, ఆ మనిషి మీకెవరైనా తెలుసా అని అడిగాడట. తెలుసు అని నాయన చెప్పలేకపోయాడు. ఆ రోజు అన్నం తినలేదు.

మరుసటి రోజు శనివారం. నేను తిరుపతి పోయే రోజు. లేచి చూస్తే సైకిల్‌ను వసారాలోని రాతి కంబానికి ఎద్దుల గొలుసుతో కట్టి తాళం వేసి ఉంది. నాయన దాని ముందు చర్నాకోల పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"తాళం ఇయ్యి," అన్నాను.

"ఆ బండోడు నీకేం చేసినాడురా? ఎద్దు పక్కకు తిరిగేంతసేపు నిలబడలేకపోయినావా?"

"తాళం ఇయ్యి నాయనా. పొద్దు పోతాండాది."

మొదటి దెబ్బ వీపు మీద పడింది. తప్పు చేశానని తెలుసు కాబట్టి ఓర్చుకున్నాను. రెండో దెబ్బకు చొక్కా చిరిగింది. అప్పుడు నా కళ్ళు గడియారం మీదికి పోయాయి. మూడో దెబ్బ పడేలోపల సైకిల్ పంపు నా చేతిలో ఉంది. నాయన కనుబొమ్మ మీద కొట్టాను. చర్మం విచ్చుకుంది, నెత్తురు కంట్లోకి దిగింది. రెండోసారి నోటి మీద కొట్టాను. ఆయన కంబానికి ఆనుకుని మెల్లగా కూలబడ్డాడు. మూడోసారి కూడా చెయ్యి ఎత్తాను. ఆ ఎత్తిన చెయ్యి నాకిప్పటికీ కలలో వస్తుంది. అమ్మ అరుపుకు పక్కిళ్ళవాళ్ళు వచ్చి పడ్డారు. నలుగురు నన్ను బోర్లా పడేసి, ఒకడు మెడ మీద మోకాలు పెట్టాడు. ఇంకొకడు చెప్పు తీసి నెత్తి మీద కొట్టాడు. మట్టి నోట్లోకి పోయింది.

"నాయన్ను కొట్టిన చెయ్యి ఇరిచేయండప్పా," అని ఎవరో అన్నారు. నిజంగానే విరిచేవాళ్ళు. నా కుడి చెయ్యి వెనక్కి మడిచారు. భుజం దగ్గర కటుక్కుమంది. చెయ్యి విరిగితే మూడు నెలలు సైకిల్ ఉండదన్న ఒక్క ఆలోచనే వచ్చింది నాకు. తలుపు దగ్గర నా భార్య, చెవిలో దూదితో, నిలబడి ఉంది. మాకు పెళ్ళయి ఐదేళ్ళు, పిల్లల్లేరు. అమ్మ తొక్కని గుడి మెట్టు లేదు. నా నాలుక తనంతట తాను కదిలింది.

"మొక్కుండాది," అన్నాను. "కొండకు మొక్కుకోనుండా."

మెడ మీద మోకాలు తేలికైంది.

"ఏం మొక్కు?" అన్నాడు నాయన.

"దానికి కడుపు పండల్లని. ఏడాదిపాటు శనివారం శనివారం సైకిల్ మీదనే పోయి అలిపిరిలో కర్పూరం ఎలిగిస్తానని. బయటికి చెప్తే ఫలించదని చెప్పలా."

ఆ మాట విన్నాక ఆ వసారాలో ఒక్కరు కూడా నన్ను తిట్టలేదు. పట్టుకున్న చేతులు వాటంతట అవే వదిలాయి. చెప్పుతో కొట్టినవాడు చెప్పు దూరంగా విడిచి వచ్చి నా వీపు మీద మట్టి దులిపాడు. నాయన లేచి, తిరుపతి వైపు తిరిగి, రెండు చేతులతో లెంపలు వేసుకున్నాడు. చిట్లిన మూతి మీద తానే పటపటా కొట్టుకుంటుంటే నెత్తురు వేళ్ళకు అంటింది. "తెలీక అడ్డం పడితి సామీ, తప్పయిపోయె," అన్నాడు. మొలతాడుకు కట్టుకున్న తాళంచెవి విప్పి నా చేతిలో పెట్టాడు. "ముందే చెప్పుంటే ఇంత జరిగేదా అబ్బోడా" అని నన్నే ఓదార్చాడు.

నేను ఏం చేశానో చెప్పాలా? ఎక్కి తిరుపతి పోయాను.

ఆ రోజు నుంచి నాకు ఎదురులేదు. తాగుబోతుకు సారా అంగడి రాసిచ్చినట్టయింది. అమ్మ మడ్గార్డు మీద నామం దిద్దింది. గుడ్డలు ఆలస్యమైతే అడగడానికి వచ్చినవాళ్ళు నామం చూసి, పర్వాలేదప్పా అని దండం పెట్టిపోయేవాళ్ళు. దారిలో బండ్లవాళ్ళు పక్కకు తప్పుకున్నారు. జ్వరంతో పడుకుంటే అమ్మే తట్టి లేపి, మొక్కు తప్పకూడదని సైకిల్ బయట పెట్టేది. మొక్కులో రోజూ దండీలు కూడా ఉన్నాయని ఇంకో అబద్ధం చేర్చాను. అదీ చెల్లింది. నాయన కనుబొమ్మ మీద మచ్చ మాత్రం మానినా పోలేదు. భోజనానికి ఎదురుగా కూర్చుంటే నేను పళ్ళెంలోకి చూసి తినేవాణ్ణి.

ముప్పై ఐదో శనివారానికి నా భార్య నెల తప్పింది. ఇంట్లో ఏడుపులు, నవ్వులు, దీపాలు. ఎవరికీ అనుమానం రాలేదు, రావడానికి ఏముంది. దేవుడు తన మాట నిలబెట్టుకున్నాడు, ఇక మనం నిలబెట్టుకోవాలి అంది అమ్మ. ఒక్క శనివారం తప్పినా కడుపులో బిడ్డకు ముప్పని ఆమె గట్టిగా నమ్మింది. నా భార్య కూడా నమ్మింది. శుక్రవారం సాయంత్రం తానే చక్రాల్లో గాలి చూసేది. ఒకప్పుడు వాల్‌ట్యూబులు పీకిన చెయ్యి అది. నాకు సిగ్గు వేసిందా అంటే, వేసింది. కానీ శనివారం పొద్దుటికి ఉండేది కాదు.

నలభై మూడో శనివారం, కర్పూరం వెలిగించి తిరిగి వస్తూ, చంద్రగిరి దాటాక దిగుడులో ఒక బస్సును దాటాలని తొక్కాను. బ్రేకు తెగింది. రోడ్డు కింది కాలువ మోరీ గోడకు గుద్దుకున్నాను. కాలి ఎముక చర్మం చీల్చుకుని బయటికి వచ్చి తెల్లగా కనిపించింది. భుజం మీద చర్మం లేచిపోయింది. సైకిల్‌కు హ్యాండిల్ వంగడం తప్ప ఏమీ కాలేదు. అది చూసి నేను ఊపిరి పీల్చుకున్నాను.

మూడు నెలలు ఆ కాలు నేల మీద మోపకూడదన్నారు. ఇంకా తొమ్మిది శనివారాలు మిగిలాయి. అమ్మ పెద్దవాళ్ళను అడిగి వచ్చింది. మొక్కినవాడు మంచాన పడితే వాడి రక్తం పంచుకున్నవాళ్ళు తీర్చవచ్చునట. నాకు అన్నదమ్ములు లేరు.

"నేను పోతా," అన్నాడు నాయన.

ఆయనకు యాభై ఎనిమిదేళ్ళు. చలికాలం వస్తే ఉబ్బసం. సైకిల్ తొక్కడం వచ్చు, కానీ మండీకి పోయి రావడం వరకే. ఎద్దుబండి మీద పోతే సరిపోదా అన్నాను. సైకిల్ మీదనే అని మొక్కింది నువ్వే గదరా అన్నాడు. నేను ఒక్క మాట అంటే చాలు. మొక్కు లేదు నాయనా, ఆ రోజు చెయ్యి విరిచేస్తారని అబద్ధమాడాను, అంతే. నాలుక చివరి దాకా వచ్చింది. ఆ మాట అంటే ఆ సైకిల్‌ను మళ్ళీ గొలుసుతో కడతారు, ఈసారి తాళంచెవి బావిలో పడేస్తారు. మింగేశాను. కన్నతండ్రికీ సైకిల్‌కీ మధ్య నేను సైకిల్‌ను ఎంచుకున్నాను. దీనికి వేరే పేరు పెట్టి లాభం లేదు.

మొదటి శనివారం పోయినవాడు ఆదివారం మధ్యాహ్నానికి వచ్చాడు. కాళ్ళు రోకళ్ళలా వాచాయి. రెండో శనివారం పోయి వచ్చినప్పుడు పంచె వెనక నెత్తురు గడ్డకట్టి సీటుకు అతుక్కుంది. అమ్మ వేన్నీళ్ళు పోసి తడిపి తడిపి ఊడదీసింది. ఆయన పళ్ళు బిగబట్టి, "నీ దారి శానా దూరమప్పా" అన్నాడు నాతో. నేను మంచం మీదనుంచి, "ఎంతసేపు పట్టింది?" అని అడిగాను.

"తెలీదు అబ్బోడా. పొద్దు తిరిగినాక చేరినా."

అంతసేపా అనుకున్నాను. ఆయన వెనక భాగం పచ్చిపుండై ఉంటే నేను మనసులో ఆయన ఓడిపోయాడని సంతోషపడ్డాను. అంతటి నీచమైన సంతోషం నేను ఇంకెవరిలోనూ చూడలేదు.

మూడో శుక్రవారం ఆయనకు ఉబ్బసం ఎత్తింది. పిల్లికూతల్లాగా ఊపిరి. ఈ వారం వద్దు నాయనా అన్నాను. ఎందుకు వద్దో మాత్రం చెప్పలేదు. కోడలి కడుపు వైపు చూసి, "తప్పితే ఎట్లరా" అని తెల్లవారకముందే పోయాడు.

ఆదివారం పొద్దున మా సందు మొదట్లో తిరుపతి బస్సు ఆగింది. కండక్టరు పైకెక్కి నా సైకిల్‌ను దించి మా వాకిట్లోకి మోసుకొచ్చాడు. ముందు చక్రం ఎనిమిదంకెలా మెలిదిరిగి ఉంది. నేను చంకకర్రలతో గడపలోకి వచ్చాను. కండక్టరు ఏదో చెబుతున్నాడు. నేను వంగి చక్రం మీద చెయ్యి పెట్టి, ఎన్ని పుల్లలు విరిగాయో, రిమ్ము తీయాలా లేక సాపు చేయిస్తే సరిపోతుందా అని తడిమి చూశాను. ఆ తరువాతే అతని మాట నా చెవిన పడింది. కర్పూరం వెలిగించి తిరిగి వస్తున్న ముసలాయన దగ్గు తెర వచ్చి రోడ్డు మధ్యలోకి ఒరిగాడని, వెనక లారీ కుడికాలి మీద ఎక్కిందని, తిరుపతి ఆసుపత్రిలో వేశారని. తలెత్తితే నా భార్య నన్నే చూస్తోంది. అతని మాటలు ఆమె నాకంటే ముందు విన్నది.

నాయన కాలు మోకాలి పైదాకా తీసేశారు. మేము పోయేసరికి తెలివిలో ఉన్నాడు. చంకకర్రలు గోడకు ఆనించి, అమ్మ ముందరే, నా భార్య ముందరే, చెప్పేశాను. మొక్కు లేదు. ఎన్నడూ లేదు. అమ్మ నా నోరు మూసింది, వాడికి మతి పోయిందని పక్క మంచాలవాళ్ళకు చెప్పింది. నాయన చెయ్యి చాపి నన్ను దగ్గరికి పిలిచాడు. తల నిమురుతాడనుకుని వంగాను. జుట్టు పిడికిట పట్టి నా నొసలును మంచం ఇనుప కమ్మికి వేసి కొట్టాడు. రెండోసారి, మూడోసారి. కట్టు కట్టిన తొడలోంచి నెత్తురు ఉబికి దుప్పటి తడిసింది, అయినా వదల్లేదు. నర్సు పరుగెత్తుకొచ్చింది.

"లేకుంటే ఈ కాలు ఎవురికి ఇచ్చినట్టురా?" అన్నాడు. "మొక్కుండాది. నువ్వు మొక్కకపోతే ఇప్పుడు నేను మొక్కినా. ఇంకా ఆరు ఉండాయి. కాలు అతికినాక నువ్వు తొక్కల్ల."

ఇంటికి వచ్చాక నా భార్య ఒక మాట అంది. "ఆ మొక్కు ఇంక మామది బావా. ఏడుస్తా తొక్కుతావో, ఎట్ల తొక్కుతావో, పొయ్యి తీర్సు."

కాలు అతికింది. చక్రం కొత్తది వేయించాను. మొదటి శనివారం గడియారం ఇంట్లో పెట్టి పోయాను. నడిచినంత మెల్లగా పోవాలని ఒట్టు పెట్టుకున్నాను. నాయన పడ్డ చోట దిగి, రోడ్డు మీద నుదురు ఆనించాను. రెండో శనివారం దిగలేదు, దండం పెట్టి పోయాను. మూడో శనివారం కిలోమీటరు రాళ్ళు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. నాలుగో శనివారం గడియారం జేబులో ఉంది. ఆరో శనివారం, ఆఖరిది, అది హ్యాండిల్ మీదికి వచ్చింది. నాయన పడ్డ చోటికి ముందు చిన్న దిగుడు ఉంది, అక్కడ ఆపితే ఊపు పోతుంది. ఆపలేదు.

అలిపిరిలో కర్పూరం వెలిగించి చేతులు జోడిస్తే కళ్ళ నీళ్ళు వచ్చాయి. నాయన కోసమే ఏడుస్తున్నానని నన్ను నేను నమ్మించుకున్నాను. పొద్దు వాలేలోపల చిత్తూరు తిరిగి వచ్చాను. వసారాలో నాయన మంచం మీద ఉన్నాడు, అమ్మ ఆయన మొండికాలికి నూనె రాస్తోంది. ఎనిమిదో నెల కడుపుతో నా భార్య గడపలో నిలబడి ఉంది. నేను సైకిల్ తొక్కుతున్న ఇన్నేళ్ళలో ఆమె ఎన్నడూ అడగని మాట అడిగింది.

"ఎంతసేపు పట్టింది బావా?"

"మూడు గంటల యాభై నిమిషాలు," అన్నాను వెంటనే. "పోయేటప్పుడు. ఇంత తొందరగా నేనెప్పుడూ పోలా." నవ్వుతూనే చెప్పాను.

అమ్మ చెయ్యి ఆగిపోయింది. నాయన దుప్పటి కాలి మీదికి లాక్కుని గోడ వైపు తిరిగాడు. నా భార్య నన్ను ఒక్క క్షణం చూసి, లోపలికి పోయి తలుపు గడియ పెట్టుకుంది. నేను సైకిల్ పట్టుకుని వీధిలోనే నిలబడి ఉన్నాను.